పడటం నేర్చుకుంటున్న మా అమ్మాయికి

చిరంజీవి చిన్నికి,

అమ్మ ఆశీస్సులు. జూడోలో చేరి ఇన్ని వారాలైనా పడటం తప్ప ఇంకేమీ నేర్పడం లేదని, పక్కవాళ్లు రంగు బెల్టులు కట్టుకుని త్రోలు వేస్తుంటే, అంటే ఎదుటివాళ్లను ఎత్తి పడేస్తుంటే, నువ్వింకా తెల్ల బెల్టుతో మ్యాట్ మీద దొర్లుతున్నావని రాశావు. మానేసి వేరే ఏదైనా నేర్చుకోనా అని కూడా అడిగావు. మానొద్దు తల్లీ. జూడో మొత్తంలో నీ ఒంటికి ఎక్కువకాలం పనికొచ్చేది ఇప్పుడు నేర్చుకుంటున్న ఈ పడటమే. అమ్మగా ఒక్కటే కాదు, రోజూ విరిగిన మణికట్లు, తుంటి ఎముకలు చూసే ఫిజియోథెరపిస్ట్‌గా కూడా ఈ మాట చెప్తున్నాను.

మనిషి పడేటప్పుడు చెయ్యి దానంతటదే నేల మీదికి వెళ్తుంది. బరువంతా ఆ అరచేతి మీద పడి మణికట్టు విరుగుతుంది, లేదా దెబ్బ భుజం దాకా వెళ్లి కాలర్ బోన్ విరుగుతుంది. వెనక్కి పడితే ఇంకా ప్రమాదం, తల నేలకు కొట్టుకుంటుంది. మీ మాస్టారు నేర్పుతున్న ఉకెమి, అంటే దెబ్బ తగలకుండా పడే పద్ధతి, ఈ రెండింటినీ తప్పిస్తుంది. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద పెట్టి, వీపు గుండ్రంగా వంచి, నేల తగిలే క్షణంలో చేతిని మ్యాట్ మీద చరుస్తారు. దెబ్బ ఒక్కచోట తగలకుండా ఒళ్లంతా సర్దుకుంటుంది. ఊపిరి బిగబట్టకుండా వదులుతూ పడితే పొట్ట కండరాలు బిగుసుకుని నడుమును కాపాడతాయి.

నువ్వు పంపిన వీడియో చాలాసార్లు చూశాను. కుడివైపు చక్కగా పడుతున్నావు. ఎడమవైపు పడేటప్పుడు మాత్రం చెయ్యి మడిచే ఉంచుతున్నావు, అందుకే మోచెయ్యి ముందు తగులుతోంది. చెయ్యి చాచి, ఒంటికి మరీ దూరం పోనివ్వకుండా, అరచేయి, ముంజేయి రెండూ ఒకేసారి తగిలేలా చరవాలి. మాస్టారిని అడిగి ఎడమవైపు కాస్త ఎక్కువసేపు చెయ్యి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. జపాన్ స్కూళ్లలో 1983 నుంచి 2011 వరకు జూడో చేస్తూ 100 మందికి పైగా పిల్లలు చనిపోయారు. చాలామందికి తగిలింది తలకే. ఎక్కువమంది కొత్తగా చేరినవాళ్లు, అంటే పడటం ఒంటికి పట్టకముందే త్రోలకు దిగినవాళ్లు. భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ మాస్టారు తొందరపడటం లేదంటే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది, నా టెన్షన్ సగం తగ్గింది.

ఇక నీ తొడల నొప్పుల సంగతి. క్లాసైన మర్నాడో, ఆ మర్నాడో ఎక్కువయ్యే నొప్పి లాక్టిక్ యాసిడ్ వల్ల కాదు. అది గంట, గంటన్నరలో రక్తంలోంచి పోతుంది. కండరం సాగుతూనే బరువు ఆపుకోవాల్సి వచ్చినప్పుడు దాని పోగులు సన్నగా దెబ్బతింటాయి, మళ్లీ బాగుపడతాయి. వంగి కూర్చుని, మెల్లగా వెనక్కి దొర్లే ప్రతిసారీ నీ తొడలు చేసేది అదే. కాస్త నడువు, బాగా నిద్రపో, తగ్గిపోతుంది. కీలులో పొడిచినట్టు నొప్పి వచ్చినా, వాపు వచ్చినా అది వేరే సంగతి, ఆ రోజుకి ఆపేయాలి.

మొదటి వారాల్లోనే బలం పెరిగినట్టు అనిపించిందన్నావు, నిజమే. అప్పటికింకా కండ పెరగదు, ఉన్న కండను నరాలు బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి. కండ పెరగడానికి నెలలు పడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టిపెట్టే టెండన్లు అంతకంటే నిదానం. అందుకే ఉత్సాహం మీద ఒక్కసారిగా ప్రాక్టీస్ రెట్టింపు చేసేవాళ్లకు కండరాలు తట్టుకున్నా టెండన్లు మొరాయిస్తాయి. ఎముకల విషయంలో నీది బంగారం లాంటి వయసు. ఇరవైల చివరికల్లా ఎముక సాంద్రత గరిష్ఠానికి చేరుతుంది, ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. లాగడం, మోయడం, పడి లేవడం, ఇలా బరువు పడే పనులు ఈ వయసులో ఎంత చేస్తే ఎముక అంత గట్టిపడుతుంది. నా దగ్గరికి తుంటి విరిగి వచ్చే పెద్దావిడలను చూసినప్పుడల్లా వీళ్లకు చిన్నప్పుడు ఆడుకునే వీలు ఎవరైనా ఇచ్చారో లేదో అనిపిస్తుంది. ప్రపంచంలో ప్రమాదవశాత్తు జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం కింద పడటానిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

క్లాసులో అమ్మాయిలు తక్కువని బాధపడకు. అమెరికాలో రస్టీ కనోకోగి అనే ఆవిడ 1959లో జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఛాతీకి కట్టు కట్టుకుని మగవాళ్ల పోటీలో దిగి గెలిచింది. ఆడమనిషి అని తెలిశాక మెడల్ వెనక్కి తీసుకున్నారు. ఆవిడ ఊరుకోలేదు. 1980లో న్యూయార్క్‌లో ఆడవాళ్ల మొదటి ప్రపంచ పోటీలు జరిగాయంటే ఆవిడ పట్టుదల వల్లే. మగవాళ్ల జూడో 1964లోనే ఒలింపిక్స్‌కి వెళ్తే, ఆడవాళ్లకు మెడల్స్ ఇచ్చింది 1992లో. నువ్వు అడుగుపెట్టే మ్యాట్ మీద చోటు అలా వచ్చింది.

బెల్టు గురించి ఒకే మాట. జూడోను రూపొందించిన జిగోరో కానో 1882లో కోడోకాన్ అనే తన జూడో బడి మొదలుపెట్టినప్పుడు ఈ రంగులేవీ లేవు. అవి చాలాకాలం తర్వాత యూరప్‌లో వాడుకలోకి వచ్చాయి. రావాల్సినప్పుడు వస్తుంది, దాని గురించి నిద్ర పాడుచేసుకోకు.

పోటీలకు వెళ్లే రోజు వస్తే బరువు కేటగిరీ కోసం ఎవరైనా తిండి తగ్గించమనో, నీళ్లు మానమనో అనొచ్చు. ఒప్పుకోవద్దు. పెరిగే వయసులో అమ్మాయి ఖర్చుచేసే శక్తికి తగ్గట్టు తినకపోతే నెలసరి ఆగిపోతుంది, దాంతోపాటే ఎముకలు పలచబడతాయి. జూడో వల్ల వచ్చిన లాభమంతా అక్కడే పోతుంది. పై కేటగిరీలో ఓడినా నాకేమీ కాదు. నెలసరి తప్పితే మాత్రం సిగ్గుపడకుండా నాకు చెప్పు.

చివరగా ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. తల తగిలినా, నేలకు తగలకుండా గట్టిగా కుదుపుకు గురైనా, ఆ తర్వాత తలనొప్పి, వాంతి, తూలడం, చూపు మసకబారడం, ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజు మళ్లీ మ్యాట్ ఎక్కకూడదు, ఎంత బాగున్నానని నీకు అనిపించినా సరే. మాస్టారికి అప్పటికప్పుడే చెప్పు, నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా పర్లేదు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా నా ఫోన్ కోసం కూడా చూడకుండా ఆసుపత్రికి వెళ్లిపోవాలి. డాక్టర్ సరేనన్నాకే మళ్లీ క్లాసు.

ప్రేమతో,
అమ్మ