శుక్రవారం క్రిస్మస్: మన సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ, గల్ఫ్‌లో ఉండి దీన్ని ఫోన్‌లో చదువుతున్న మనవాళ్ళకూ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో సగం సంక్రాంతికే పోతుంది. ఈసారి క్రిస్మస్ గురించి ఎక్కువ రాయాల్సి వస్తోంది. ఎందుకంటే కార్యవర్గంలో గట్టిగా వాదన జరిగింది దాని మీదే.

2025లో డిసెంబరు 25 గురువారం వచ్చింది. కువైట్, ఖతర్, సౌదీల్లో ఆ రోజు సెలవు కాదు. మనవాళ్ళు మామూలుగానే డ్యూటీకి వెళ్ళారు. వాళ్ళకు దొరికేది శుక్రవారం. అందుకే సోంపేటలో కుటుంబాల కలయికను 26వ తేదీ సాయంత్రానికి మార్చాం. "పండగ అయిపోయాక పండగేటి?" అని పెద్దలు కొందరు గట్టిగానే అడిగారు. డిసెంబరు మొదటి వారం నుంచే ఊరూరా సెమీ క్రిస్మస్‌లు చేసుకుంటాం కదా, ముందు చేసుకుంటే లేని తప్పు ఒక రోజు తర్వాత చేసుకుంటే వస్తుందా అన్నారు కోశాధికారి. దాంతో తీర్మానం పాసయింది. 25 ఉదయం ఆరాధన ఎవరి చర్చిలో వాళ్ళదే, దాని జోలికి మేం పోలేదు. మార్చింది పాటలు, భోజనాలు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళతో ఫోన్లు మాత్రమే.

కువైట్, దోహా టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ సాయంత్రం 5 అంటే అక్కడ మధ్యాహ్నం 2.30. కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో రకరకాల భాషల సంఘాలు వంతులవారీగా హాళ్ళు వాడుకుంటాయి. అక్కడ ఆరాధన ముగించుకుని, బట్టలు కూడా మార్చకుండా ఫోన్ చేసినవాళ్ళున్నారు. సౌదీలో ఉన్నవాళ్ళ సంగతి వేరు. అక్కడ చర్చిలు లేవు, ప్రార్థన చేసుకున్నా వాళ్ళుండే గదిలోనే. దుబాయ్ వాళ్ళకు 2022 నుంచి వారాంతం శని, ఆదివారాలకు మారింది కాబట్టి శుక్రవారం అంతగా కలిసిరాలేదు. పైగా అక్కడికి వాట్సాప్ కాల్ కలవదు, బోటిమ్ కావాలి. మన కుర్రాళ్ళు పెద్దవాళ్ళ ఫోన్లన్నీ తీసుకుని ముందు రోజే ఆ యాప్ వేసిపెట్టారు. వాళ్ళకు శాలువా కప్పినా తక్కువే.

కవిటి నుంచి వచ్చిన ఒక అమ్మ వీడియో కాల్‌లో కూడా ఫోను చెవికే ఆనించుకుంది. అవతల కొడుక్కి కనిపించింది చెవి, దానికున్న కమ్మ. కోడలు ఫోను తిప్పబోతే "ఉండమ్మా, ఇనబడ్డం లేదు" అని చెయ్యి తోసేసింది. చాలాసేపు అలాగే మాట్లాడింది.

ఒక సంగతి మాత్రం మేం ముందు ఆలోచించలేదని చెప్పాలి. కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళిన ఆడవాళ్ళకు శుక్రవారమే పని ఎక్కువ, ఆ ఇళ్ళకు చుట్టాలు వచ్చేది ఆ రోజే కదా. గిన్నెలన్నీ తోమి వాళ్ళు ఫోన్ పట్టుకునేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటింది, హాలుకు తాళం పడిపోయింది. హాలు తెల్లవార్లూ తెరిచి ఉంచాలా, వాళ్ళకు విడిగా ఇంకో రోజు పెట్టాలా అనేది కొత్త కార్యవర్గం తేల్చాలి.

పార్సిళ్ళ విషయం ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ చెప్పక తప్పడం లేదు. పలాస జీడిపప్పు, అరిసెలు పంపండి. గసగసాలు మాత్రం వద్దు, మసాలా పొడిలో కలిపి కూడా వద్దు. గల్ఫ్‌లో వాటిని మాదకద్రవ్యం కింద లెక్కేస్తారు. కోడికూర కోసం కొడుకుని జైలుకు పంపకండి.

మిగతా పనులు మామూలే. ఈసీఆర్ పాస్‌పోర్టుతో (అంటే పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు) వెళ్ళేవాళ్ళు ప్రవాసీ భారతీయ బీమా తప్పకుండా కట్టాలి. రెండేళ్ళకు ప్రీమియం 275, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. పాలసీ కాగితం జిరాక్స్ ఇంట్లో ఉంచుకోండి. జమాఖర్చుల పట్టీ విడిగా పంపాం, సందేహాలుంటే సమావేశంలో అడగవచ్చు.

తేదీ గురించి మాత్రం వచ్చే ఏడాది వాదన ఉండదు. 2026లో డిసెంబరు 25 శుక్రవారమే. హాలు ఇప్పుడే మాట్లాడి అడ్వాన్సు ఇచ్చేయమని కోశాధికారికి చెప్పాం.

కార్యదర్శి