తప్పిన సబ్జెక్టుకు వేసవిలో పాఠం చెప్పించాలి

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ సెమిస్టర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మా కోనసీమ ఊళ్ళలో తల్లిదండ్రుల నోట వినిపించే మాట ఒకటుంది: ‘అన్నీ అయ్యాయండి, ఒక్క సబ్జెక్టు ఉండిపోయింది’. గోదావరి జిల్లాల కళాశాలల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కనుక, ఆ ఉండిపోయిన సబ్జెక్టు గురించీ, వేసవి సెలవుల్లో దానికి విశ్వవిద్యాలయాలు చేయగలిగిన మేలు గురించీ మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

సబ్జెక్టు తప్పిన విద్యార్థి ఫీజు కట్టి మళ్ళీ పరీక్ష రాసుకోవచ్చు. ఆ వెసులుబాటు ఉంది. అయితే మొదటి పరీక్షకూ రెండో పరీక్షకూ మధ్య ఆ పాఠాన్ని అతనికి మళ్ళీ చెప్పేవారు లేరు. తోటివాళ్ళు తరువాతి సెమిస్టర్‌లోకి వెళ్ళిపోతారు. పోనీ, కింది తరగతిలో కూర్చుని విందామంటే అదే గంటకు తన తరగతి ఉంటుంది. గణితంలో రియల్ అనాలిసిస్ అనే సబ్జెక్టులో అవధి (లిమిట్) అంటే ఏమిటో అర్థం కాక తప్పిన పిల్లవాడు, అది అర్థం కాకుండానే గైడులోని ప్రశ్నలను బట్టీపట్టి అదే పరీక్షకు మూడోసారి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. తప్పినది అతని ఒక్కడి వల్లనే కాదు. మళ్ళీ బోధించే ఏర్పాటు చేయకుండా మళ్ళీ పరీక్ష మాత్రం పెడుతున్న మన పద్ధతికి కూడా అందులో భాగం ఉంది.

డెల్టాలో దీనికి మరో కారణం కూడా తోడవుతుంది. మూడో సెమిస్టర్, అయిదో సెమిస్టర్ పాఠాలు ఊపందుకునే వేళకే గోదావరికి వరద వస్తుంది. కనకాయలంక కాజ్‌వే నీట మునిగితే ఆ లంక పిల్లలు పడవ మీదనే ఒడ్డుకు రావాలి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) ఆగిపోతే అటువాళ్ళు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి కళాశాలకు చేరుకోవాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు ఎలా గడిపాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద వరద ఏటా రాకపోవచ్చు కానీ, పది పదిహేను రోజుల పాఠాలు పోగొట్టే వరద లంకవాసులకు కొత్త కాదు. గణితంలో పదిహేను రోజులు పోయాయంటే ఒక యూనిట్ పోయినట్టే, దాని మీద ఆధారపడిన తరువాతి యూనిట్ కూడా పోయినట్టే. హాజరు మినహాయింపు ఇచ్చినంత మాత్రాన ఆ పాఠం రాదు.

దీనికి దారి కొత్తగా వెతకనక్కర్లేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన డిగ్రీ పాఠ్య ప్రణాళికా చట్రంలోనే 8 వారాల వేసవి సెషన్ ప్రస్తావన ఉంది. ఇంటర్న్‌షిప్‌లతో పాటు, మామూలు కోర్సులను కూడా ఆ వ్యవధిలో వేగంగా బోధించవచ్చనీ, తద్వారా విద్యార్థులు అదనపు కోర్సులు చదువుకోవచ్చనీ, మిగిలిపోయినవి పూర్తి చేసుకోవచ్చనీ అందులో స్పష్టంగా ఉంది. మా పిల్లల వరకు వేసవి అంటే ఇంటర్న్‌షిప్ ఒక్కటే అయిపోయింది. ఆ రెండో మాటను ఎవరూ పట్టించుకున్నట్టు నాకు కనిపించడం లేదు.

లెక్క చూద్దాం. ఒక క్రెడిట్‌కు 15 గంటల బోధన చొప్పున నాలుగు క్రెడిట్ల కోర్సుకు 60 గంటలు కావాలి. 8 వారాలు, వారానికి ఆరు రోజులు అనుకుంటే రోజుకు గంటంబావు చాలు. రెండు సబ్జెక్టులు తప్పిన విద్యార్థికైనా రోజుకు రెండున్నర గంటలకు మించదు. ఉదయం ఏడింటికి మొదలుపెడితే తొమ్మిదిన్నరకు, ఎండ ముదరక ముందే ఇంటిదారి పట్టవచ్చు. ఒంటిపూట బడులకు అలవాటుపడిన మన ప్రాంతంలో ఇది కష్టమైన ఏర్పాటేమీ కాదు.

కాలం కూడా ఇక్కడి జీవితానికి సరిపోతుంది. ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట వరి) కోతలు అవుతాయి, ఆ తరువాత కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. జూన్‌లో నీళ్ళు వదిలి సార్వా (తొలి పంట వరి) నారుమళ్ళు మొదలయ్యేదాకా వరి పొలాల్లో పని తక్కువ. తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం, అంటే 61 రోజులు, దాదాపు ఆ 8 వారాలే. సెలవుల్లో తండ్రికి తోడుగా బోటెక్కే కుర్రవాడికి కూడా అప్పుడు ఉదయం పూట తీరిక దొరుకుతుంది. వరదలో లంక పిల్లలు పోగొట్టుకున్న పాఠాలు దారులన్నీ పొడిగా ఉండే ఈ రోజుల్లో కాకపోతే మరెప్పుడు చెబుతాము?

అయితే ఈ తరగతులు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పెడితే ప్రయోజనం లేదు. అంతర్వేది దగ్గరి అమ్మాయి ఉదయం ఏడింటికి రాజమహేంద్రవరంలో ఉండలేదు. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం వంటి చోట్ల ఒక్కొక్క కళాశాలను కేంద్రంగా ఎంచుకుని, ఆ చుట్టుపక్కల ఏ కళాశాల విద్యార్థి అయినా అక్కడ చేరేలా చూడాలి. ఒక్కో కళాశాలలో ఒక సబ్జెక్టు తప్పినవాళ్ళు నలుగురైదుగురే ఉండవచ్చు, కానీ పది కళాశాలలవాళ్ళు కలిస్తే అది నిండైన తరగతి.

మన రాష్ట్రంలో మొదటి, రెండో సంవత్సరాల చివర వేసవిలో సామాజిక సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఉన్నాయి కదా, వీటికి సమయం ఎక్కడిదని కొందరు అడగవచ్చు. ఉదయపు తరగతి తొమ్మిదిన్నరకే ముగిస్తే మిగిలిన పూట ఆ పని చేసుకోవడానికి అడ్డేమీ లేదు. పైగా, రుసుము చెల్లించి ఇంట్లో కూర్చునే ధ్రువపత్రం తెచ్చుకుని ఇంటర్న్‌షిప్ అయిందనిపించుకున్న పిల్లలను నేను చూశాను. వాళ్ళ వేసవి ఏ విధంగానూ వాళ్ళకు ఉపయోగపడలేదన్న బాధతోనే ఈ మాట రాస్తున్నాను.

ప్రయోగశాల పని సంగతి వేరు. ఒక క్రెడిట్‌కు 30 గంటలు కావలసిన ప్రయోగాలను వేసవిలో ఇరికించడం నాకు సమ్మతం కాదు. ముందు సిద్ధాంత పాఠాలతో మొదలుపెట్టడం మంచిది. ఫీజు విషయంలోనూ జాగ్రత్త అవసరం. దీన్ని ఆదాయమార్గంగా చూస్తే, కూలి చేసుకుని చదివించే ఇళ్ళ పిల్లలే ముందుగా దూరమవుతారు. బోధనకు ఎవరున్నారంటే, గంటల లెక్కన వేతనం తీసుకునే అతిథి అధ్యాపకులు ఉన్నారు. తరగతులు లేని వేసవిలో వారికి ఆదాయం ఉండదు. బాగా చదువుకున్న యువ అధ్యాపకులు ఆ రెండు నెలలూ వేరే పనులు వెతుక్కోవడం నాకు తెలుసు.

గత రెండు వేసవుల్లో మా ఇంటి అరుగు మీద ఉదయం పూట అయిదుగురు పిల్లలకు రియల్ అనాలిసిస్ చెప్పాను. వారిలో ముగ్గురు ఆ పరీక్ష పూర్తి చేసుకున్నారు. ఒకడు మళ్ళీ తప్పాడు, ఇంకా వస్తున్నాడు. అయిదో అమ్మాయి సగంలో మానేసింది. సంబంధం కుదిరిందనీ, చదువు ఇక చాలన్నారనీ తరువాత తెలిసింది. ఆమె చేరిన తరగతికి విశ్వవిద్యాలయం ముద్ర, హాజరు పట్టీ, చివర పరీక్ష తేదీ ఉండి ఉంటే, ఆ ఇంట్లో ‘ఇంకో నెల ఆగుదాం’ అనడానికి ఒక ఆధారం దొరికేది.

కనుక, గోదావరి జిల్లాల కళాశాలలు అనుబంధంగా ఉన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వారు ఈ సంగతి ఆలోచించవలసిందిగా కోరుతున్నాను. వచ్చే వేసవికి ఏ కేంద్రంలో ఏ సబ్జెక్టు చెబుతారో ఫిబ్రవరిలోనే ప్రకటించాలి. సెషన్ ముగిసిన పది రోజులకు దానికి సంబంధించిన పరీక్ష పెట్టి, సార్వా నాట్లు పూర్తయ్యేలోగా ఫలితాలు ఇవ్వాలి. మొదటి ఏడాది ఎక్కువమంది తప్పుతున్న అయిదారు సబ్జెక్టులతో మొదలుపెట్టినా చాలు. పాఠం చెప్పడానికి మనిషి కావాలంటే, పారితోషికం లేకుండా రావడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
పి.గన్నవరం మండలం, కోనసీమ జిల్లా.