మీసం కన్నా ముందు ఊపిరి

సంపాదకులకు,

ఆడవాళ్లు మీసం పెట్టి మగవేషం కట్టే డ్రాగ్ కింగ్ ప్రదర్శనల మీద చర్చంతా ‘ఇది మన సంస్కృతేనా’ అన్న దగ్గరే ఆగిపోతోంది. ఛాతీ చదునుగా కనబడాలని వేదిక వెనక దాన్ని బిగించి కట్టడంతో వచ్చే ప్రమాదం ఎవరికీ పట్టడం లేదు.

బెణుకులకు కట్టే క్రేప్ బ్యాండేజీనో, వెడల్పాటి టేపునో ఛాతీకి చుట్టేస్తున్నారు. కదిలే కొద్దీ అది బిగుస్తుంది, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకలు విచ్చుకోవడానికి చోటుండదు. పాట సగంలో కళ్లు తిరగడం, తర్వాత ఎముకల నొప్పి, చర్మం ఒరుసుకుపోవడం అందుకే. ఇందుకోసమే కుట్టిన బిగుతు లోదుస్తును, అంటే బైండర్‌ను, కొలత చూసి కొనాలి. ఇంకా చదునుగా కనబడాలని ఒక సైజు తగ్గించకూడదు. రిహార్సల్, మేకప్ కలుపుకుని ఎనిమిది గంటలు దాటనివ్వొద్దు, దాంతో నిద్రపోవద్దు. ఎగిరి గంతులేసే నృత్యమైతే స్పోర్ట్స్ బ్రా మీద వదులు చొక్కా, కోటు చాలు, మూడో వరుస ప్రేక్షకుడికి తేడా తెలియదు. గ్రీన్‌రూమ్‌లో మొద్దు మొన కత్తెర తప్పనిసరి. ఊపిరాడనప్పుడు చుట్లు విప్పుతూ కూర్చోలేం, కోసేయాలి.

మీసం అంటించే స్పిరిట్ గమ్‌ను ముందురోజే మోచేతి లోపలివైపు చుక్క రాసి చూడాలి. రాశాక జిగురు పట్టేదాకా వేలితో తట్టాలి. తడిమీదే వెంట్రుకలు అతికిస్తే చెమటకు జారిపోతాయి. గడ్డానికి చిన్న కుచ్చులు కింది నుంచి పైకి పెట్టుకుంటూ రావాలి. తీసేటప్పుడు లాగొద్దు, జిగురు కరిగించే రిమూవర్‌తో తడపాలి.

ఇక మగవేషం కట్టిన ప్రతి ఒక్కరినీ ట్రాన్స్ పురుషుడని, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా తనను మగవాడిగానే గుర్తించుకునే వ్యక్తి అని, రాసేస్తున్నారు. కొందరు అవును, కొందరు కాదు. జపాన్‌లోని తకరజుకా అనే స్త్రీల సంగీత నాటక బృందంలో 1914 నుంచీ మగపాత్రలన్నీ స్త్రీలవే. మేకప్‌తో పాటు వేషం పోతుంది, గుర్తింపు పోదు. తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ వ్యక్తిదేనని సుప్రీంకోర్టు 2014లో నాల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో చెప్పింది. వేషాన్నే నేరం చేసిన చట్టం మన దగ్గరా ఉండేది. ఆడదుస్తుల్లో వీధిలో కనబడినా, ఆటపాటల్లో పాల్గొన్నా హిజ్రాలను వారంటు లేకుండా పట్టుకోవచ్చన్న నిజాం కాలపు 1329 ఫస్లీ (క్రీ.శ. 1919) చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలోనే. మగవేషం కట్టే ఆడవాళ్ల ఊసు అందులో లేదు. వాళ్లూ ఉంటారని తట్టలేదేమో!

విలేకరులకు ఒక మనవి. ఫొటో కింద రంగస్థలం పేరే వేయండి. అసలు పేరు వేయాలంటే అడిగి వేయండి. ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లకు పొద్దున్నే పేపరే ముందు చెప్పేస్తుంది.

— రంగస్థల మేకప్ కళాకారులు, హైదరాబాద్