ఇంటర్నెట్ పేర్లకు ఒకే జాబితా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా డబ్బు కట్టక్కర్లేదు, ఒక్కసారి కొంటే జీవితాంతం మీదే అంటూ వెబ్‌సైట్లకు బ్లాక్‌చెయిన్ (ఎన్నో కంప్యూటర్లలో ఒకేసారి ఉండే ఉమ్మడి రికార్డు) పేర్లు అమ్మేవాళ్లు ఇప్పుడు చిన్న వ్యాపారుల దాకా వచ్చేశారు. గుంటూరులో కారప్పొడి, పచ్చళ్లు అమ్మే మా బంధువు ఒకావిడ అలాంటి పేరే కొని ప్యాకెట్ల మీద వేయించింది. అమ్మినవాళ్లు ఆవిడ ఫోన్లో ఒక యాప్ పెట్టి ఇచ్చారు కాబట్టి అందులో సైట్ చక్కగా తెరుచుకుంటోంది. హైదరాబాద్‌లో కస్టమర్ అదే పేరు కొడితే సైట్ దొరకలేదని వస్తోంది. ఇప్పుడు ప్యాకెట్ ప్యాకెట్‌కూ ఆ పేరు మీద స్టిక్కర్ అంటించుకుంటోంది పాపం.

మామూలు ఫోన్లు, కంప్యూటర్లు ఐకాన్ అనే సంస్థ నిర్వహించే మూల జాబితానే, అంటే డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి చివరి పేర్ల జాబితానే చూస్తాయి. బ్లాక్‌చెయిన్ పేర్లు అందులో ఉండవు. ఆ సంగతి చెప్పకుండా పేర్లు అమ్మడం మోసమే. డబ్బు తీసుకునే ముందే ఈ మాట రాసివ్వాలని వినియోగదారుల శాఖ నిబంధన పెట్టాలి.

జాబితాలు రెండైతే ఇంకో చిక్కు. 2001లో ఐకాన్ డాట్ బిజ్ పేర్లు మొదలుపెట్టేసరికి వేరే జాబితాలో అదే డాట్ బిజ్ అప్పటికే నడుస్తోంది. ఒకే ఫోన్ నంబర్ ఇద్దరికి ఇస్తే ఎంత గందరగోళమో ఇదీ అంతే. నెట్‌లో పరికరాలను గుర్తించే నంబర్లైన ఐపీ అడ్రస్‌లకూ ఇదే వర్తిస్తుంది.

కాలిఫోర్నియాలో ఉన్న సంస్థకు ఇంత అధికారం ఎందుకన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. 1998లో పుట్టిన ఐకాన్‌తో అమెరికా వాణిజ్య శాఖ పర్యవేక్షణ ఒప్పందం 2016 సెప్టెంబర్ 30 దాకా సాగి ముగిసింది. ఆ వెంటనే నవంబర్‌లో ఐకాన్ సమావేశం మన హైదరాబాద్‌లోనే జరిగింది. 2022లో రష్యా పేరైన డాట్ ఆర్‌యూను తీసెయ్యమని ఉక్రెయిన్ అడిగితే ఐకాన్ ఒప్పుకోలేదు. దాడికి గురైన దేశం అడిగినా కాదనడం కఠినంగానే అనిపిస్తుంది. కానీ నా దృష్టిలో అదే సరైన పని. రేపు మన డాట్ ఇన్ మీద ఎవరైనా కన్నేస్తే మనల్ని కాపాడేది ఆ పద్ధతే.

కాబట్టి వేరు కుంపటి పెట్టుకోవడం కన్నా అక్కడే గట్టిగా మాట్లాడటం మేలు. ఐకాన్ సమావేశాలకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో కూడా పాల్గొనవచ్చు. మన ఇంజినీరింగ్ కాలేజీలు విద్యార్థులను అందుకు సిద్ధం చెయ్యాలి. తెలుగు లిపిలో డాట్ భారత్ 2011లోనే మూల జాబితాలో చేరింది. బీసెంట్ రోడ్డులో ఒక్క షాపు బోర్డు మీద కూడా నాకది కనిపించలేదు. దాన్ని నిర్వహించే నిక్సీ అధికారులు విజయవాడ, గుంటూరు వ్యాపారులను పిలిచి, తెలుగు పేరు ఎలా తీసుకోవాలో తెలుగులోనే చెప్పాలి.

– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ