మగది లేకపోయినా ఆడ బల్లి గుడ్లు పెడుతుంది

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు జంతువుల గురించి పత్రికల్లో వచ్చేవన్నీ కుక్కలు, పిల్లులు, అప్పుడప్పుడు చేపలు. బల్లుల్ని పెంచేవాళ్ళం కూడా మీ పాఠకుల్లో ఉన్నాం. ఆడ బల్లిని పెంచే ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన ఒక విషయం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

నా దగ్గర ఉన్నది ఆడ బియర్డెడ్ డ్రాగన్. ఆస్ట్రేలియా ఎండు నేలల్లో పుట్టిన జాతి, గడ్డం కింద ముళ్ళలాంటి పొలుసులు ఉంటాయి, మనిషికి బాగా మచ్చికవుతుంది. తెచ్చుకునేటప్పుడు ఇచ్చినవాళ్ళని అడిగాను, ఇది గుడ్లు పెడితే ఏం చేయాలి అని. మగది లేదు కదా, ఎలా పెడుతుంది, ఆ టెన్షన్ మీకక్కర్లేదు అన్నారు. నమ్మేశాను. పుంజు లేకపోయినా కోడి గుడ్డు పెడుతుందని చిన్నప్పటి నుంచి తెలుసు, కానీ బల్లి విషయంలో ఆ ఆలోచనే రాలేదు. బియర్డెడ్ డ్రాగన్ ఒక్కటే కాదు, పెంచుకునే బల్లి జాతులే అయిన లెపర్డ్ గెకో, ఇగువానా, వీల్డ్ కమీలియన్ (ఒక రకం ఊసరవెల్లి), ఇవన్నీ ఒంటరిగా ఉన్నా గుడ్లు పెట్టగలవు. ఆ గుడ్లలోంచి పిల్లలు రావు, అంతే తేడా. వాటిని తయారు చేయడానికి ఒంట్లోంచి పోయే క్యాల్షియం మాత్రం అంతే, బయటికి పంపడానికి పడే కష్టమూ అంతే.

మా దానికి ఏడాదిన్నర వయసు వచ్చాక ఒకరోజు హఠాత్తుగా తిండి తగ్గించింది. పొద్దస్తమానం అది ఉండే గాజు పెట్టె గోడని గీకడం, మూలల్లో ముందు కాళ్ళతో తవ్వడం, కాసేపు ఆగడం, మళ్ళీ మొదలుపెట్టడం. విసుగొచ్చి బయటికి రావాలనుకుంటోందని నేను చేతిలోకి తీసుకుని తిప్పేదాన్ని. కడుపు పక్కల్లో గోళీల్లా గట్టిగా తగులుతుంటే అజీర్ణం అనుకున్నాను. నాలుగైదు రోజులయ్యాక అనుమానం వచ్చి ఒక చిన్న డబ్బాలో పొడి ఇసుక పోసి పెట్టాను. అది తవ్వడం, ఇసుక జారి గుంట పూడిపోవడం, మళ్ళీ తవ్వడం. ఆ రాత్రంతా అదే చూశాను. తెల్లారేసరికి డబ్బా పక్కన కళ్ళు మూసుకుని పడుకుని ఉంది.

సరీసృపాలని చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీశారు. లోపల ఇరవైకి పైగా గుడ్లు! ఇంకా ఓపిక ఉంది, గుడ్లేవీ అడ్డం పడలేదు కాబట్టి ముందు క్యాల్షియం, ఒంట్లో నీటి శాతం పెరగడానికి సెలైన్ ఇస్తాను, తవ్వుకోవడానికి సరైన చోటు ఇవ్వండి, రెండు రోజుల్లో పెట్టకపోతే ఆపరేషన్ తప్పదు అన్నారు. సరైన చోటు దొరక్కపోతే అది గుడ్లని లోపలే పట్టి ఉంచుకుంటుందట. నేను బల్లికి దీపం పెట్టాను, తిండి పెట్టాను, తవ్వుకోవడానికి నేల మాత్రం పెట్టలేదు.

ఆ సాయంత్రమే పెద్ద టబ్బు తెచ్చి ఇసుక, మట్టి కలిపి నింపాను. లోతు ఒక అడుగు ఉండాలి, అంటే 30 సెంటీమీటర్లు. తడి ఎంతుండాలంటే, గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్దలా నిలబడాలి, నీళ్ళు మాత్రం కారకూడదు. అప్పుడే సొరంగం కూలదు. ఎరువులు, మందులు కలిపిన తోట మట్టి వాడకూడదు. టబ్బు వెచ్చగా ఉండే చోట పెట్టి, చుట్టూ గుడ్డ కప్పి అందరం గదిలోంచి బయటికి వచ్చేశాం. ఎవరైనా చూస్తున్నారనిపిస్తే ఇది సగంలో ఆపేస్తుంది, కాబట్టి మాటిమాటికీ తొంగి చూడటం, ఫోన్ పెట్టి వీడియో తీయడం వద్దు. గంటల తర్వాత చూస్తే తోక మాత్రమే బయట ఉంది. ఇంకా ఆలస్యంగా చూస్తే గుంట పూడ్చేసి, ముక్కుతో మట్టిని నొక్కి నొక్కి చదును చేస్తోంది. ముక్కు నిండా మట్టి, కడుపు ఖాళీ సంచిలా వేలాడుతోంది. నాకు ఏడుపొచ్చింది.

జాతిని బట్టి ఏర్పాటు మారుతుంది. లెపర్డ్ గెకో ఒక్కోసారి రెండే గుడ్లు పెడుతుంది, కానీ ఒక సీజన్‌లో చాలాసార్లు. దానికి తడి నాచు గానీ కొబ్బరి పీచు పొట్టు గానీ పరిచిన మూత డబ్బా, దూరడానికి ఒక రంధ్రం ఉంటే చాలు. కమీలియన్ చెట్టు మీద బతికేదైనా గుడ్ల కోసం కిందికి దిగి వస్తుంది, కాబట్టి కింద లోతైన ఇసుక ఉండాల్సిందే.

గుడ్లు బయటికి వచ్చేశాయి కదా అని ఊపిరి పీల్చుకోవద్దు. అసలు జాగ్రత్త అక్కడి నుంచే. పెట్టిన రోజు దాన్ని ఎత్తుకోకండి. గోరువెచ్చటి నీళ్ళు భుజాల ఎత్తు దాటకుండా పోసి పది నిమిషాలు అందులో ఉంచితే చాలావరకు తాగుతుంది, పక్కనే కూర్చోండి. తర్వాత పురుగులకి క్యాల్షియం పొడి అద్ది పెట్టండి. కీచురాళ్ళలో, మీల్‌వర్మ్స్‌లో ఫాస్ఫరస్ ఎక్కువ, క్యాల్షియం తక్కువ, పొడి లేకుండా ఎన్ని పెట్టినా ఎముకలకి పనికిరాదు. ఆ క్యాల్షియం ఒంటికి పట్టాలంటే బియర్డెడ్ డ్రాగన్‌కి యూవీబీ దీపం, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాల్ని ఇచ్చే దీపం ఉండాలి. నా తప్పు ఇక్కడ కూడా ఉంది. ఏడాది దాటినా దీపం వెలుగుతోంది కదా అని మార్చలేదు. వెలుతురు అలాగే ఉంటుంది, లోపల యూవీబీ మాత్రం తగ్గిపోతుంది. చాలా దీపాలని ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చాలి. గాజు కిటికీ దగ్గర ఎండలో పెట్టినా లాభం లేదు, గాజు యూవీబీని దాదాపు ఆపేస్తుంది.

మేం వారానికోసారి తూచి రాసుకున్నాం. మొదటి వారం చాలా తగ్గింది, మూడో వారానికి పుంజుకోవడం మొదలైంది. వేళ్ళు, కాళ్ళు వణకడం, దవడ మెత్తబడటం, వెనక కాళ్ళు ఈడ్చడం కనిపిస్తే క్యాల్షియం పడిపోయిందని అర్థం, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గుడ్లు పెట్టాక కూడా కడుపులో గడ్డలు తగులుతున్నా, ముక్కుతూనే ఉన్నా, రోజులు గడిచినా తినకపోయినా లోపల కొన్ని మిగిలాయేమో చూపించాలి. చేత్తో కడుపు నొక్కి బయటికి తెప్పించాలని మాత్రం చూడొద్దు, లోపలే పగిలితే ప్రాణం పోవచ్చు.

ఒకసారి పెట్టాక నెల, నెలన్నరలో మళ్ళీ పెట్టొచ్చు. అందుకే టబ్బు తీసేయలేదు, ఇప్పుడది దాని ఇంట్లో భాగమైపోయింది. మగది ఉన్నవాళ్ళు దాన్ని కొన్నాళ్ళు వేరే చోట ఉంచండి, నీరసంగా ఉన్నదాని వెంటపడితే అది తట్టుకోలేదు. అయితే వేరు చేసినంత మాత్రాన అయిపోదు, ఒకసారి జతకట్టాక వీర్యాన్ని దాచుకుని తర్వాత పెట్టే గుడ్లలోనూ పిల్లలయ్యేలా చేయగలదు.

పిల్లలు కావాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. కోడి తన గుడ్లని తిప్పుతుంది, బల్లి గుడ్డుని తిప్పకూడదు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం పెంకుకి అతుక్కుంటుంది. పైభాగాన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, అదే వైపు పైకి ఉండేలా తీసి పెట్టాలి. బియర్డెడ్ డ్రాగన్ గుడ్లకి 28, 29 డిగ్రీల వేడిలో సుమారు రెండు నెలలు పడుతుంది. పసుపు రంగుకి తిరిగి, మెత్తబడి కుంగిపోయేవి చాలావరకు ఖాళీవి. మావన్నీ అలాంటివే.

మీ పత్రికని ఒకటే అడుగుతున్నాను. పెంపుడు జంతువులకి చోటిచ్చినప్పుడు సరీసృపాల వైద్యులతో ఒక్కసారైనా దీని గురించి రాయించండి. బల్లుల్ని ఇచ్చేవాళ్ళు ఆడదా మగదా అని చెప్పి, ఆడదైతే ఈ టబ్బు సంగతి కూడా ఆ రోజే చెప్పాలి. కొనేవాళ్ళు గుడ్ల కాలం రాకముందే, కడుపులో గోళీలు తగలకముందే, బల్లుల్ని చూడగలిగే డాక్టరు ఎవరో కనుక్కుని పెట్టుకోండి. నేను ఆ రోజు పొద్దున దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరడజను మందికి ఫోన్ చేస్తే ఒక్కరే రమ్మన్నారు.

ఇది రాస్తున్నప్పుడు మా టబ్బులోంచి మళ్ళీ తవ్వుతున్న చప్పుడు వస్తోంది. గుడ్డ కప్పేసి వచ్చాను.

ఇట్లు,
మీ పాఠకురాలు