గరిక అక్కడ ఎందుకు పోయిందో ముందు చూడమ్మా

చిలకలూరిపేట,
ఉగాది మరుసటి రోజు

చిరంజీవి అమ్మాయికి, నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు మాట్లాడిన తీరు రాత్రంతా మనసులో తిరుగుతూనే ఉంది. డాలస్‌లో మీ ఇంటి ముందు గడ్డి మచ్చలు మచ్చలుగా ఉందని మీ కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం, అదే హెచ్‌ఓఏ వాళ్ళు రెండోసారి ఉత్తరం పంపారన్నావు. నెల రోజుల్లో బాగుచేయకపోతే జరిమానా అట. మొత్తం పీకించి కొత్త గడ్డి పరిపించడానికి మూడు వేల డాలర్లు అడుగుతున్నారని చెబుతూ, "గడ్డి కూడా పెంచలేకపోతున్నాను నాన్నా" అన్నావు. ఆ మాటకు నాకు చాలా కష్టమేసింది. ఉద్యోగం, ఇల్లు, చిన్నోడు, అన్నీ ఒంటిచేత్తో చూసుకుంటున్న పిల్లవి నువ్వు. ఫోన్‌లో చెబితే హడావిడిలో సగం మర్చిపోతావని కాగితం మీద రాస్తున్నాను. మీ అమ్మ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతుంది. ఆదివారం తీరిగ్గా చదువుకో. ఆ మూడు వేలు మాత్రం ఇప్పుడే ఎవరి చేతిలోనూ పెట్టకు.

మీ ఇంటి ముందున్నది గరికేనమ్మా. అక్కడ బెర్ముడా గ్రాస్ అంటున్నారు. నిరుడు నేను వచ్చిన మర్నాడే ఒక తీగ పైకి లాగి చూశాను. నేల మీద పాకే తీగ, కణుపు కణుపుకీ వేరు, అడుగున తెల్లటి దుంపవేరు, అన్నీ మన గట్టు మీదివే. నలభై ఏళ్ళు ఆ గడ్డిని చేలోంచి తీసేయడానికే కష్టపడ్డాను కాబట్టి దాని గుణం నాకు బాగా తెలుసు.

నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు వాగు పక్కన మూడెకరాల రేగడి చేను కౌలుకు తీసుకున్నాం, గుర్తుందా? అప్పటికే అది గరిక పట్టి ఉంది. నేను తొందరపడి ట్రాక్టర్ పెట్టి రెండుసార్లు అడ్డంగా నిలువుగా దున్నించాను. గడ్డి ముక్కలు ముక్కలైంది, పీడ పోయిందనుకున్నాను. ఒక్క వాన పడేసరికి ప్రతి ముక్కా చిగురు వేసింది. ముందు అక్కడక్కడా ఉన్నది చేనంతా పరుచుకుంది. ఆ ఏడు పత్తి సగానికి సగం పోయింది. తర్వాత రెండు వేసవులు పలుగులతో తవ్వి వేర్లు ఏరాం. నువ్వూ నానమ్మా గంపలతో ఆ వేర్లు మోసి గట్టు మీద ఎండకు వేసేవాళ్ళు. చేతులు బొబ్బలెక్కి రాత్రుళ్ళు నువ్వు అన్నం కలుపుకోలేకపోతే మీ అమ్మ ముద్దలు పెట్టేది.

అంత మొండి గడ్డి, తెగిన కణుపు నుంచి మళ్ళీ లేచే గడ్డి, మీ ఇంటి ముందు నాలుగు చోట్ల రాలేదంటే అది దాని చేతగానితనం కాదు, నీది అసలే కాదు. ఆ నాలుగు చోట్లా ఏదో అడ్డం ఉంది. అది తీయకుండా పైన కొత్త గడ్డి పరిస్తే రెండు మూడు నెలలు పచ్చగా ఉండి మళ్ళీ అదే చోట పోతుంది, డబ్బూ పోతుంది.

అన్నిటికంటే ముందు ఒకటి చూడు. చలికాలమంతా గరిక ఎండినట్టు గోధుమరంగులో నిద్రపోతుంది. ఇప్పుడిప్పుడే మీ దగ్గర లేస్తూ ఉంటుంది. మచ్చలో ఉన్న తీగను గోటితో గీరు. లోపల తెల్లగా గట్టిగా ఉంటే బతికే ఉంది, ఏప్రిల్ దాకా ఓపిక పట్టు. పుల్లలా పుటుక్కున విరిగితేనే పోయినట్టు. నీకు మచ్చలుగా కనిపిస్తున్నవాటిలో కొన్ని ఇంకా లేవనివే అయ్యుండొచ్చు.

ఇక కారు ఎక్కే దారి పక్కనున్న పెద్ద మచ్చ. నాకు అనుమానమంతా దాని మీదే. నిరుడు ఆగస్టులో నీళ్ళు పెట్టిన మర్నాడు అల్లుడి పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి అక్కడక్కడా నేలలో గుచ్చి చూశాను. మంచి గడ్డి ఉన్నచోట పిడి దాకా దిగింది. మచ్చలో రెండంగుళాలు దిగి టక్కున ఆగింది. నాలుగైదు చోట్ల అంతే. చేత్తో కాస్త గోకితే సిమెంటు పెళ్ళ కనిపించింది. ఇల్లు కట్టినవాళ్ళు మిగిలిన కాంక్రీటు అక్కడే పడేసి, పైన రెండంగుళాల మట్టి కప్పి, దాని మీద గడ్డి చాపలా పరిచి వెళ్ళిపోయారు. వేరు దిగడానికి చోటెక్కడుంది? పక్కన సిమెంటు దారి, కింద సిమెంటు పెళ్ళలు, పైన మీ టెక్సస్ ఎండ. అప్పుడే నీకు చెప్పి ఉండాల్సింది. మీ ఇల్లు, మీ పద్ధతి, మధ్యలో నేనెందుకని ఊరుకున్నాను. తప్పు చేశాను.

అక్కడ పని ఇలా చెయ్యి. తవ్వే ముందు 811కి ఫోన్ చేయాలి. గ్యాస్ గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో వాళ్ళు ఉచితంగా గుర్తులు పెట్టించి వెళతారని మీ పక్కింటి పెద్దాయన చెప్పాడు. మన చేలో పలుగు దించినట్టు అక్కడ దించకూడదు. గుర్తులు పెట్టాక అరడుగు లోతు తవ్వి పెళ్ళలన్నీ ఏరేయండి. ఆ గుంటలో మంచి మట్టి, కాస్త కంపోస్టు కలిపి నింపండి. ఒట్టి ఇసుక మాత్రం పోయొద్దు. డాలస్ చుట్టూ ఉన్నది మన నల్లరేగడి లాంటి నేలే, బ్లాక్‌లాండ్ అంటారు. ఎండకు బీటలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది. అల్లుడు వేసవిలో ఇంటి పునాది చుట్టూ నీళ్ళ పైపు ఎందుకు పెడుతున్నాడో మొదట నాకు అర్థం కాలేదు. బీటలు చూశాక అర్థమైంది. అటువంటి బంకమట్టిలో కొద్దిగా ఇసుక కలిస్తే ఇంకా గట్టిపడుతుంది.

తర్వాత గడ్డి. విత్తనాల పాకెట్ కొనొద్దు. ఆ పెద్దాయన చెప్పినదాన్ని బట్టి మీ కాలనీలో వేసింది టిఫ్‌వే 419 అనే రకం. జార్జియాలోని టిఫ్టన్‌లో తయారు చేసి 1960లో విడుదల చేశారు. దాని తల్లిదండ్రుల్లో ఒకటి మన గరిక, రెండోది ఆఫ్రికా గడ్డి. అది గింజ కట్టదు. మన అరటికి విత్తనం లేదు, పిలకలే నాటుతాం చూడు, అదే సంగతి. బజారులో దొరికే బెర్ముడా విత్తనం వేరే రకం, మొలిచినా ఆకు వెడల్పు, రంగు తేడాగా ఉండి అతుకు వేసినట్టు కనబడుతుంది. నీకు కావలసిన గడ్డి నీ ఇంట్లోనే ఉంది. నడిచే దారి అంచు మీదికీ, పూల మడిలోకీ పాకి వస్తున్న గడ్డిని అల్లుడు మెషిన్‌తో కోసి చెత్తబుట్టలో వేస్తాడే, అదే నీ నారు.

ఆ అంచుల నుంచి రెండంగుళాల మట్టిగడ్డతో సహా ముక్కలు తీసి, మచ్చలో ఆరేసి అంగుళాల దూరంలో నాటు. మధ్యలో ఉత్త తీగలు కూడా పెట్టొచ్చు. చెరకు ముచ్చెలు నాటినట్టు రెండు కణుపులు మట్టిలోకి, చిగురు పైకి ఉండాలి. నాటాక పాదంతో గట్టిగా నొక్కు. మట్టికీ వేరుకీ మధ్య గాలి ఉంటే ఎండిపోతుంది. చిన్నోడికి ఈ పని చాలా ఇష్టమవుతుంది, వాడి చేత నొక్కించు.

ఇదంతా ఏప్రిల్ చివర, నేల బాగా వేడెక్కాక. ఇప్పుడు నాటితే అలాగే కూర్చుంటుంది. మే, జూన్ ఎండల్లో నీళ్ళు సరిగ్గా అందితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అల్లుకుపోతుంది. ఇంకొక జాగ్రత్త. ఫిబ్రవరిలో అల్లుడు కలుపు మొలవకుండా గుళికలు చల్లానన్నాడు. మనం పత్తి విత్తగానే కొట్టే పెండిమిథాలిన్ లాంటి మందులు అవి. అవి కొత్త వేరును కూడా ఆపుతాయి. చల్లిన ఎన్నాళ్ళకు నాటొచ్చో బస్తా మీద ఉంటుంది, చదవమను. మందు పడిన పైమట్టిని ఎలాగూ తవ్వి తీసేస్తున్నారు కాబట్టి పెద్ద మచ్చకు భయం లేదు.

హెచ్‌ఓఏ నెల గడువు గురించి టెన్షన్ పడకు. ఈ రోజే వాళ్ళకు నాలుగు ముక్కలు రాయి: కారణం తెలిసింది, పెళ్ళలు ఏప్రిల్‌లో తీస్తున్నాం, నాటు ఏప్రిల్ చివర, జూన్ చివరికి నిండుతుంది అని. ఫొటోలు జతచెయ్యి. పని మొదలుపెట్టిన మనిషికి గడువు అడిగే హక్కు ఉంటుంది.

రెండోది, ఓక్ చెట్టు కింద మచ్చ. అక్కడ నువ్వు గెలవలేవమ్మా. మన చేలో చింతచెట్టు కింద ఎప్పుడైనా గరిక చూశావా? రోజుకు కనీసం ఆరు గంటల ఎండ లేకపోతే అది నిలబడదు. మీరు ఇల్లు కొన్నప్పుడు ఆ చెట్టు చిన్నది. అది పెరిగింది, గడ్డి వెనక్కి తగ్గింది. కింది కొమ్మలు కొట్టిస్తే కొంత వెలుతురు వస్తుంది. నన్నడిగితే చెట్టు చుట్టూ గుండ్రంగా మడి కట్టి చెక్కపొట్టు పరిచెయ్యి. చెక్కపొట్టు మొదలుకు తగలకుండా చూసుకో. గడ్డే ఉండాలని వాళ్ళు పట్టుబడితే నీడకు ఓర్చుకునే సెయింట్ అగస్టీన్ గడ్డి ముక్కలు తెచ్చి వేయొచ్చు. కానీ అది గరికలా పొట్టిగా కోస్తే చచ్చిపోతుంది, మూడంగుళాలు ఉంచాలి.

చిన్నోడు బ్యాటింగ్ చేసే చోటు అరిగింది తొక్కుడు వల్ల. వాణ్ణి ఆట మానమని మాత్రం అనకు. వికెట్ చోటు నెలకొకసారి మార్చమను, నేలకు ముల్లుపారతో గుచ్చి బొరియలు చెయ్యి, పక్క గడ్డే వచ్చి కప్పేస్తుంది. పోస్టుడబ్బా దగ్గర గుండ్రటి మచ్చలు, చుట్టూ మరీ ముదురు పచ్చ వలయం ఉన్నవి, కుక్కలు ఒంటికి పోసినవి. ఆ ఉప్పు కిందికి దిగేలా పుష్కలంగా నీళ్ళు పోస్తే చాలు.

ఎక్కడైనా గడ్డి తివాచీలా చేతికి ఊడి వస్తే మాత్రం కింద వెతుకు. తెల్లగా, సి ఆకారంలో ముడుచుకున్న పురుగులు ఉంటాయి. మన వేరుశనగను తినే వేరుపురుగు జాతే. చదరపు అడుగుకు ఒకటీ రెండూ ఉంటే వదిలెయ్యి, ఐదారు దాటితే నాకు ఫొటో పంపు. మడిలో మూడు పలకల కాండంతో నిక్కి నిలబడేది తుంగ. మన తుంగే. పైకి లాగితే గడ్డ కిందే ఉండిపోతుంది, మట్టి తడిగా ఉన్నప్పుడు గడ్డతో సహా తియ్యాలి.

నీళ్ళ సంగతి. నిరుడు మీ స్ప్రింక్లర్ ఇరవై నిమిషాలు ఏకధాటిగా తిరిగేది. పది నిమిషాలకే నీళ్ళు రోడ్డు మీదికి కాలువ కట్టేవి, నాకు ప్రాణం గిలగిలలాడేది. సాగర్ కాలువ చివరి భూములకు నీళ్ళు అందక మనం రాత్రుళ్ళు కాపలా కాసినవాళ్ళం కదా. రేగడి నెమ్మదిగా తాగుతుంది. ఏడెనిమిది నిమిషాలు తిప్పి, గంట ఆపి, మళ్ళీ ఏడెనిమిది నిమిషాలు తిప్పు. మీ డాలస్‌లో ఎలాగూ వారానికి రెండు రోజులకు మించి స్ప్రింక్లర్ పెట్టకూడదు, ఆ రెండు రోజులు చాలు. తెల్లవారుజామున పెట్టు. ఖాళీ శనగల డబ్బాలు నాలుగు చోట్ల పెట్టి కొలువు, వేసవిలో వారం మొత్తానికి అంగుళం నీళ్ళు పడితే గరికకు సరిపోతుంది. కొత్తగా నాటిన చోటుకు మాత్రం మొదటి రెండు వారాలు రోజూ చేతి పైపుతో తడుపు.

ఎరువుకు తొందరలేదు. మట్టి నమూనా తీసి కాలేజ్ స్టేషన్ అనే ఊళ్ళో ఉన్న టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ భూసార పరీక్ష ల్యాబ్‌కు పోస్టులో పంపు. గడ్డి పూర్తిగా పచ్చబడ్డాకే నత్రజని. వెయ్యి చదరపు అడుగులకు, అంటే మన లెక్కలో రెండుంబావు సెంట్లకు, ఒక పౌను నత్రజని మించకూడదు. బస్తా మీద 21-0-0 అని ఉంటే వంద పౌన్లలో ఇరవై ఒకటే నత్రజని, కాబట్టి ఆ నేలకు ఐదు పౌన్ల ఎరువు లోపే. మన డీఏపీ బస్తా మీద 18-46-0 చదివినట్టే చదువు. అల్లుడికి ఇంకో మాట చెప్పు. రెండు వారాలకొకసారి నేలబారుగా గొరగడం మానేసి, వారానికొకసారి కొద్దిగా కోయమను. ఉన్న ఎత్తులో మూడో వంతు మించి ఒకేసారి కోస్తే వేరు బలం తగ్గుతుంది. కోసిన ముక్కలు అక్కడే వదిలేస్తే ఎరువవుతాయి.

నిరుడు చవితికి నువ్వు ఇండియన్ స్టోర్‌లో పత్రి పాకెట్ కొన్నావు. ఇంటి ముందు అంత గరిక పెట్టుకుని కొంటున్నావేమిటని మీ అమ్మ అడిగితే, మందులు కొట్టిన గడ్డి దేవుడికి ఎలా పెట్టనమ్మా అన్నావు. అది నాకు గుర్తుండిపోయింది. వెనక పెరట్లో, వంటింటి కిటికీ కింద ఎండ బాగా పడుతుంది. అక్కడ గజం నేల మందు పడకుండా వదిలెయ్యి. ముందు మచ్చల్లో నాటగా మిగిలిన ముక్కలు అక్కడ గుచ్చు. చవితి నాటికి దూర్వాయుగ్మానికి కావలసినంత గరిక ఉంటుంది, చిన్నోడే కోసుకొస్తాడు.

ఆదివారం స్క్రూడ్రైవర్ గుచ్చి, ఎక్కడెక్కడ ఎంత దిగిందో ఫోన్ చేసి చెప్పు. మీ అమ్మ గోంగూర పచ్చడి, కంది పొడి కట్టి ఉంచింది, వచ్చే వారం కొరియర్‌లో వేస్తాను.

ఆశీస్సులతో,
నాన్న