షుగరు పుండుకి కౌంటరు మీద యాంటీబయాటిక్కులా?

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులో సాయంత్రంపూట ఏదైనా మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. షుగరు ఉన్న పెద్దాయన కాలికి పుండు లేచిందంటాడు. కౌంటరులో కుర్రాడు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ అట్ట తీసి నాలుగు బిళ్లలు కత్తిరించి ఇస్తాడు. మందు పేరు, జాగ్రత్త చెప్పే ఎర్ర గీత మిగతా ముక్కతోనే షాపులో ఉండిపోతాయి. చీటీ అడగరు, బిల్లు ఉండదు.

సర్జరీ వార్డులో ఏళ్ల తరబడి ఇలాంటి పుండ్లకి కట్లు కట్టిన నర్సుని నేను. షుగరు ముదిరితే పాదానికి స్పర్శ పోతుంది, చెప్పులో మేకు దిగినా తెలీదు. రక్త ప్రసరణ తగ్గి మందు కూడా పుండు దాకా సరిగ్గా చేరదు. అలాంటి కాలికి నాలుగు బిళ్లలు వేసి ఆపేస్తే, లొంగే క్రిములు చచ్చి మొండివి మిగులుతాయి. మళ్లీ చీము పడితే ఇంకో మందు, ఇంకో నాలుగు బిళ్లలు. చివరికి ఆసుపత్రికొచ్చి కల్చర్ (చీములో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పని చేస్తుందో చూసే పరీక్ష) చేయిస్తే క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటి మొండి క్రిములు బయటపడతాయి. రిపోర్టులో మందుల పేర్ల ఎదురుగా వరసగా ‘ఆర్’ అక్షరాలే, అంటే ఏదీ పని చేయదని. ఇక మిగిలేది కొలిస్టిన్ లాంటి ఇంజెక్షన్లు. అవి కిడ్నీలని దెబ్బతీస్తాయి, షుగరు రోగి కిడ్నీలు అసలే అంతంతమాత్రం. చాలామందికి ముందు వేలు తీస్తారు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి కింది దాకా.

చట్టం లేక కాదు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల అమ్మకం నిబంధన అమల్లో ఉంది. సెఫిక్సిమ్, లీవోఫ్లోక్సాసిన్ లాంటివి డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. డాక్టరు, రోగి పేర్లు, ఇచ్చిన మందు విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. మన ఊళ్లో ఆ రిజిస్టరు ఎన్ని షాపుల్లో ఉందో ఔషధ నియంత్రణ అధికారులు ఎప్పుడైనా తిరిగి చూశారా? కేరళ 2024లో ఇందుకోసమే ప్రత్యేక తనిఖీలు మొదలుపెట్టింది.

ఆర్‌ఎంపీలనీ షాపులవాళ్లనీ మాత్రమే తిట్టి లాభం లేదు. ఆదివారం రాత్రి పేదవాడికి అందుబాటులో ఉండేది వాళ్లే. అందుకే తనిఖీలతోపాటు ఆసుపత్రుల్లోనూ ఏర్పాటు కావాలి. పట్టణ ఆరోగ్య కేంద్రానికి షుగరు బిళ్లల కోసం వచ్చినవాళ్లని చెప్పులు విప్పించి పాదాలు చూడాలి. పుండు మానకుండా చీము పడితే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కి నమూనా తీసి జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ల్యాబుకి పంపాలి. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి అది రోగి ఫోనుకే వచ్చేలా చూడాలి. గుంటూరు, విజయవాడల్లో ముందుగా ఈ ఏర్పాటు చేయాలని కలెక్టర్లను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, బ్రాడీపేట, గుంటూరు